రేడియేటరు కథ: మాటు వేసిన రోజుల నుంచి మార్చే రోజుల వరకు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, స్టీరింగు పట్టిన చేతికి కలం ఎందుకండీ అన్నాను. మీకు తెలిసినదే వ్రాయండి అన్నారు. నా సర్వీసంతా ఆఫీసు బళ్లు నడపడంలోనే గడిచింది కనుక రేడియేటరు చరిత్ర వ్రాస్తున్నాను. పాత కార్లు ఇంకా ఉంచుకున్నవారు మనలో కొందరున్నారు, వారికి పనికి రావచ్చును. చివర నేను ఒప్పుకోవలసిన సంగతి కూడా ఒకటి ఉన్నది.

ఇంజనులో పెట్రోలు మండితే పుట్టే వేడిలో బండిని నడిపేది కొంత భాగమే. తక్కిన దానిలో కొంత పొగగొట్టం గుండా పోతుంది, కొంత ఇంజను ఇనుముకు పడుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే ఇంజను సీజవుతుంది.

1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండికి ఇప్పటి మాదిరి రేడియేటరు లేదు. సిలిండరు చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరైపోయేది, మళ్లీ పోయాలి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ఆ తరహా బండిలోనే వెళ్లింది. దారి పొడవునా నీళ్లు దొరికిన చోటల్లా ఆగి పోసుకోవలసి వచ్చింది. డిక్కీలో నీళ్ల డబ్బా పెట్టుకొని తిరిగిన మా డ్రైవర్లకు ఆమెయే ఆదిగురువు అనవచ్చును.

ఈ బాధ తప్పించినవాడు డైమ్లర్ కంపెనీ ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాక్. 1900లో తయారైన మెర్సిడెస్ 35 హార్స్ పవర్ కారుకు ఆయన తేనెపట్టు రేడియేటరు అమర్చాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 తీసుకొని, పక్కపక్కనే పేర్చి, మాటు వేసి అతికించాడు. గొట్టాలలో నుంచి గాలి, వాటి మధ్య సన్నని సందులలో నుంచి నీరు పోతాయి. పోసిన నీరే చల్లబడి మళ్లీ ఇంజనుకు చేరుతుంది. వేడి నీరు పైకి, చల్లని నీరు కిందికి పోయే గుణాన్ని నమ్ముకొని, 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టీ కార్లు, మొదటి కొద్ది బళ్లు తప్ప, నీటి పంపు లేకుండానే నడిచాయి. తరువాతి దశాబ్దాలలో పంపు, థర్మోస్టాటు, ఒత్తిడి మూత మామూలైపోయాయి. ఒత్తిడి మూత ప్రెషర్ కుక్కర్ వంటిది. 7 పౌన్ల ఒత్తిడి ఉంటే నీరు 100 డిగ్రీల దగ్గర కాక దాదాపు 110 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఇంజనుకు ఇది మేలే. వేడిగా ఉన్నప్పుడు మూత తీసినవాడికి మాత్రం ప్రమాదం.

మన ఆఫీసుల ముందు నిలిచిన అంబాసిడర్‌ను, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాలో, హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాలులోని ఉత్తరపారాలో 1957 నుంచి 2014 వరకు తయారు చేశారు. ఆ కాలపు రేడియేటర్లు రాగి, ఇత్తడి. పైన ఒక ట్యాంకు, కింద ఒక ట్యాంకు, నడుమ గొట్టాల జాలీ. ఎక్కడ చిల్లి పడినా, ఇంట్లో బిందెకు వేసినట్లే సీసం, తగరం కరిగించి మాటు వేసేవారు. జాలీ పూర్తిగా పాడైతే ట్యాంకులు ఉంచుకొని జాలీ ఒక్కటే మార్చేవారు. ఒక్కొక్క రేడియేటరుకు మూడు నాలుగు జన్మలుండేవి.

తరువాతి తరం కార్లతో అల్యూమినియం జాలీ, ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాయి. రాగి బరువు అల్యూమినియానికి మూడు రెట్లకు పైనే, ధర కూడా ఎక్కువ. అయితే అల్యూమినియానికి మన పాత మాటు అతకదు, ప్లాస్టిక్ బీటలిస్తే చేయగలిగింది తక్కువ. అందుచేత షాపులో మాట మారింది. "బాగుచేద్దాం" అనేవాడు "మార్చేద్దాం" అంటున్నాడు. మాటు వేసే పనివారు తగ్గినందుకు నాకు విచారమే. కానీ మార్చవలసిన దానిని మార్చకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

1986 ఎండాకాలం. నేను నడిపే అంబాసిడర్ రేడియేటరు అప్పటికే ఎన్నో మాట్లు పడి కారుతున్నది. బోరు నీళ్లే పోసేవాణ్ణి. కాగులో పేరుకున్నట్లు గొట్టాలలో సున్నపు పొర పేరుకున్నది. కొత్త దానికి ఇండెంటు పెట్టాలి, శాంక్షను రావాలి, అంతవరకు బండి షెడ్డులో ఉండాలి. ఎవరు పడతారని ఇండెంటు పెట్టలేదు. డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా ప్రకారం గుప్పెడు పసుపు పోశాను. కారడం ఆగింది. చిల్లిని మూసిన పసుపే గొట్టాలను కూడా మూసింది.

వారం తిరగకముందే క్యాంపు పడింది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కుతుండగా బండి మరిగిపోయింది. నేను నీళ్ల డబ్బా కోసం డిక్కీ దగ్గరకు వెళ్లేలోగా మా అటెండరు సాయం చేద్దామని మూత తిప్పాడు. మరుగుతున్న నీరు మోచేతి దాకా పడింది. కాగితం మీద అది ప్రమాదమే అయింది. పసుపు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

కనుక పాత కారు ఉన్న మిత్రులకు నా మనవి. రేడియేటరు మార్చేటప్పుడు ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. ఆ తరువాతే మూత తీసి, అడుగున నీరు వదలండి. ఆ నీటిలో కూలెంటు కలిసి ఉంటే కాలువలో వదలకండి. అది తియ్యగా ఉండే విషం, కుక్కలు, పశువులు తాగుతాయి. పై హోసు, కింది హోసు, క్లిప్పులు కూడా కొత్తవి వేయించండి. థర్మోస్టాటు పరీక్ష చేయించండి. కొత్తదానిలో బోరు నీరు పోయకండి, డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపి నిదానంగా పోసి గాలి బయటికి పోనివ్వండి. ఒక రోజు నడిపి, చల్లారిన తరువాత మట్టం మళ్లీ చూడండి.

మా అటెండరు నేటికీ మన సంఘం మీటింగులకు వస్తాడు. ఆ మచ్చ కనబడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాడు. నన్ను ఒక్కనాడూ ఏమీ అడగలేదు. తమ్ముడూ, ఇన్నేళ్లు ఆలస్యంగా చెబుతున్నాను. ఆ రోజు తప్పు మూత తీసిన నీది కాదు, ఇండెంటు పెట్టని నాది.