గది చేతిలో పని: సౌదీలో తెలుగు కార్మికుల వసతి, ఉపాధి

గల్ఫ్ వలస మీద వచ్చిన పరిశోధనల్లో గది ఎప్పుడూ చివరి అధ్యాయమే. వీసా, ఏజెంటు, అప్పు, కఫీల్ (వీసాకు పూచీ పడే యజమాని), జీతం, ఇంటికి పంపిన డబ్బు అన్నీ అయ్యాక ‘జీవన పరిస్థితులు’ అన్న శీర్షిక పెట్టి, ఒక్కో గదిలో ఎందరు పడుకుంటారో, ఎన్ని మరుగుదొడ్లు ఉన్నాయో రాసి ముగిస్తారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో తిరిగొచ్చిన వాళ్లతో మాట్లాడినకొద్దీ ఈ వరుస తలకిందులుగా ఉందనిపించింది. రియాద్‌లో ఏం పని చేశావని అడిగితే ఎక్కువమంది ముందు ఎక్కడ ఉన్నారో చెప్పారు. క్యాంపులో ఉన్నన్నాళ్లు ఈ పని, పాత బజారు బత్హాలో రూముకు వచ్చాక ఆ పని, ఆ రూము విడిపోయాక ఇంకో పని. సౌదీలో గడిపిన ఏళ్లను వాళ్లు రూముల లెక్కన గుర్తుపెట్టుకున్నారు. ఈ వ్యాసం ఆ లెక్కనే పట్టుకుని నడుస్తుంది. పనిని బట్టి వసతి దొరుకుతుందన్న మాట సగమే నిజం. వసతిని బట్టే పని దొరుకుతుందన్నది నా వాదన.

ఈ వాదనకు అడ్డు నిలిచేది ఆన్ ఙా లాంగ్వా. కువైట్ మీద ఆమె రాసిన ‘వాల్స్ బిల్ట్ ఆన్ శాండ్’ 1997లో వచ్చింది. కఫాలాను, అంటే కార్మికుణ్ని కఫీల్‌కు కట్టేసే పద్ధతిని, గల్ఫ్ సమాజ నిర్మాణానికి ఇరుసుగా చూపిన పుస్తకం అది. దాని విలువను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ తర్వాత వచ్చిన వాళ్లకు అది వివరణగా మిగలకుండా అలవాటుగా మారింది. పాస్‌పోర్టు లాగేసుకున్నా కఫాలా, జీతం ఆపినా కఫాలా, పది మందిని ఒక గదిలో కుక్కినా కఫాలాయే. అన్నిటికీ ఒకే కారణం చెప్పే సిద్ధాంతం ఒకే కఫీల్ కింద ఉన్న ఇద్దరి బతుకులు వేర్వేరుగా ఎందుకు సాగాయో చెప్పలేదు. మా ప్రాంతం నుంచి ఒకే కంపెనీ వీసా మీద వెళ్లిన మనుషుల్లోనే ఈ తేడా నాకు కనిపించింది.

చరిత్ర కూడా లాంగ్వా అనుయాయులకు అనుకూలంగా లేదు. 1940ల, 50ల ధహ్రాన్‌లో చమురు కంపెనీ ఆరాంకో కట్టిన నివాసాలను చూడండి. అమెరికన్లకు పచ్చిక, ఏసీ ఉన్న బంగళాలు. అరబ్బు కార్మికులకు వేరే క్యాంపు, అందులో తొలినాళ్లలో ఈతాకు గుడిసెలు. భారతీయులూ ఆ రోజుల్లో అక్కడ పనిచేశారు. రాబర్ట్ విటాలిస్ 2007లో వెలువరించిన ‘అమెరికాస్ కింగ్‌డమ్’ ఈ విభజనను పత్రాలతో సహా బయటపెట్టింది. 1953 అక్టోబరులో దాదాపు 13,000 మంది ఆరాంకో కార్మికులు సమ్మెకు దిగారు. జీతాలతోపాటు ఇళ్లు, రవాణా కూడా వాళ్ల డిమాండ్లే. సమ్మె చేసినవాళ్లలో అత్యధికులు సౌదీలే. సొంత దేశంలో వాళ్లకు కఫీల్ ఎక్కడిది? అయినా తక్కువ క్యాంపులోనే బతికారు, తక్కువ పనుల్లోనే ఉండిపోయారు. కఫీల్ లేని చోట కూడా క్యాంపు పనిచేసిందంటే కారణాన్ని కఫాలాకు అవతల వెతకాలి.

ఇప్పుడు బత్హా రూముకు వద్దాం. రియాద్ పాత బజారు చుట్టూ సందుల్లోని పాత భవనాల్లో ఒక గదిని ఎనిమిది, పది మంది కలిసి తీసుకుంటారు. మంచం మీద మంచం. కింది మంచానికి దుప్పటి కట్టుకుంటే అదే అడ్డుగోడ. మంచం కింద సూట్‌కేసు, దాని వెనక ఊరికి పంపడానికి కట్టిన అట్టపెట్టె. అందరూ ఒకే ఊరివాళ్లు, కాకపోతే పక్క ఊరివాళ్లు. తలుపు పక్కన మేకుకు ఒక నోటుబుక్కు వేలాడుతుంది. అందులో మెస్సు లెక్క ఉంటుంది. బియ్యం, కోడి, గ్యాసు ఎవరు తెచ్చారో, ఎంతయిందో, నెలాఖరుకు తలకెంత పడిందో రాస్తారు. కొత్తగా వచ్చినవాడికి పని దొరికేదాకా అతని వాటా పేరు కింద రాసిపెడతారు. పని దొరికాక తీరుస్తాడు.

ఈ నోటుబుక్కును పరిశోధకులు పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే కూలి రేటు అక్కడే తేలుతుంది. తిండి అరువు మీద నడుస్తున్నవాడు తక్కువ కూలికి పిలిచిన మేస్త్రీకి రానని చెప్పగలడు. రెండు రోజులు ఆగగలడు. అరువు లేనివాడు ఎంతిస్తే అంతకు వెళ్తాడు. పని కబురు కూడా రూముకే వస్తుంది. టైల్స్ పనికి ఇద్దరు కావాలని శుక్రవారం ఫోనొస్తే, పని రాకపోయినా రూములోవాడే వెళ్తాడు, వెళ్లి నేర్చుకుంటాడు. అందుకే ఒక రూమంతా పెయింటర్లు, ఒక రూమంతా ఏసీ పనివాళ్లు అవుతారు. ఊళ్లో వ్యవసాయం తప్ప ఏమీ తెలియని మనిషి సౌదీలో ప్లంబరై తిరిగొచ్చాడంటే, ఆ చదువు చెప్పింది రూమే.

కంపెనీ క్యాంపులో పరిస్థితి వేరు. అద్దె లేదు, చాలా చోట్ల తిండి కూడా కంపెనీదే. చూడటానికి ఇదే మేలు. కానీ క్యాంపు ఊరి బయట ఉంటుంది, బస్సు తెల్లవారకముందే బయల్దేరుతుంది. గేటు దాటి బజారుకు పోవాలంటే సెలవు రోజు రావాలి. పక్క కంపెనీలో అదే సెంట్రింగ్ పనికి ఎంతిస్తున్నారో తెలిసే దారి లేదు. మధ్యాహ్నపు ఎండ నిబంధననే తీసుకోండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండు నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. దగ్గర్లో రూమున్నవాడు ఆ మూడు గంటలు వచ్చి నడుం వాలుస్తాడు. క్యాంపువాడు సైటులోనే నీడ వెతుక్కుని కూర్చుంటాడు. ఆపిన పని సాయంత్రం పూర్తి చేయాలి కాబట్టి అతను మంచం ఎక్కేసరికి రాత్రి అవుతుంది. ఒకే చట్టం ఒకరికి విశ్రాంతినిచ్చి, ఇంకొకరి రోజును పొడిగించింది.

2016లో సౌదీ ఓజర్ కంపెనీ కుప్పకూలినప్పుడు జెడ్డా క్యాంపుల్లో జరిగింది క్యాంపు మనిషిని ఎలా కట్టిపడేస్తుందో చూపే పెద్ద సాక్ష్యం. నెలల తరబడి జీతాలు అందలేదు. అయినా అది పెద్ద వార్త కాలేదు. తిండి ఆగినప్పుడే, అంటే జూలై చివర్లో, భారతదేశమంతా వింది. భారత కాన్సులేటు ఆహారం పంచింది, అప్పటి విదేశాంగ సహాయ మంత్రి వీకే సింగ్ జెడ్డా వెళ్లారు. క్యాంపు ఉన్నన్నాళ్లు జీతం లేకపోయినా మనిషి అక్కడే ఉంటాడు. మంచం, పూట భోజనం అతన్ని పట్టి ఉంచుతాయి. పాస్‌పోర్టు, ఎగ్జిట్ కాగితం చేతిలో లేకపోవడం కూడా పట్టి ఉంచిందన్న మాట నిజమే. అలాగే యజమాని ఇంట్లోనే ఉండే ఇంటిపని మహిళలకు, ఎడారిలో గొర్రెలు కాసేవాళ్లకు నా వాదన ఇలాగే వర్తించదు.

ఇక 2021. ఆ ఏడాది మార్చిలో సౌదీ ప్రభుత్వం కార్మిక సంస్కరణ అమలు చేసింది. ఏడాది పని చేశాక యజమాని అనుమతి లేకుండా కంపెనీ మారవచ్చు. దీన్ని కొందరు మలుపు అన్నారు. కానీ మారాలంటే మధ్యలో ఎక్కడో పడుకోవాలి కదా! క్యాంపు మంచం వదిలాక కొత్త కంపెనీ మంచం దొరికేదాకా తలదాచుకునే రూము ఉన్నవాడే ఆ హక్కు వాడుకోగలడు. అదే ఏడాది అక్టోబరులో జెడ్డాలో అనధికార బస్తీల కూల్చివేతలు మొదలయ్యాయి. దక్షిణాన గులైల్, పెట్రోమిన్, కరంతినా వంటి చోట్ల చౌక గదులు నేలమట్టమయ్యాయి. కంపెనీ మారే హక్కు, మారేటప్పుడు ఆసరా అయ్యే గదుల కూల్చివేత ఒకే ఏడాది వచ్చాయి. అంతకు ముందు ఏడాది, 2020 ఏప్రిల్‌లో, కరోనా కేసులు ఎక్కువగా విదేశీ కార్మికుల ఇరుకు వసతుల్లోంచే వస్తున్నాయని తేలినప్పుడు అధికారులు కొందరిని బడి భవనాల్లోకి మార్చారు. అప్పుడు కూడా ఎవరి పని పోయింది, ఎవరికి దక్కింది అన్నది మంచాలు ఎక్కడికి కదిలాయో దాన్ని బట్టే నడిచింది.

2022 జనగణనలో సౌదీలో 3 కోట్ల 22 లక్షల మంది ఉంటే, 1 కోటి 34 లక్షల మంది విదేశీయులు. ఇంత పెద్ద శ్రామిక జనాభా జీతాల చరిత్రను కార్మిక శాఖ ఉత్తర్వులకన్నా బలదియా (పురపాలక సంస్థ) ఇచ్చే వసతి అనుమతులే ఎక్కువగా రాశాయని నా నిశ్చితాభిప్రాయం. కరీంనగర్ పల్లెల్లో ఏ వాడలో డాబాలు లేచాయి, ఏ వాడలో పెంకుటిళ్లే మిగిలాయి అన్నది కూడా ఏ వాడకు బత్హాలో రూము ఉండేదో దాన్ని బట్టే వివరించవచ్చు.

వలస వెళ్లేవాడి ఒప్పందంలో జీతం రియాళ్లలో ఉంటుంది, పని గంటలు ఉంటాయి. వసతి దగ్గరికొచ్చేసరికి ‘ఉచితం’ అని ఒక్క ముక్క. గది సైటుకు ఎన్ని కిలోమీటర్లు, ఒక గదికి ఎందరు, వండుకునే వీలుందా, గేటు ఎప్పుడు మూస్తారు అన్న నాలుగు ప్రశ్నలు అందులో చేర్చాలి. తెలంగాణలో గల్ఫ్ కుటుంబాలను సర్వే చేసేవాళ్లు పంపిన డబ్బు ఎంతని అడిగే ముందు ఆ నాలుగూ అడగాలి.