చలిలో మోటారు సైకిలు: యంత్రం కథ, మనిషి కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. చరిత్ర అనగానే రాజులూ, కోటలూ, శాసనాలే గుర్తుకు వస్తాయి. వాటి గురించి రాయగల పండితులు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాగా బతికినవాణ్ణి, ఫైళ్ళలో కనిపించే చరిత్ర తప్ప నాకు మరొకటి తెలియదు. అందుకని ఎవరూ అంతగా పట్టించుకోని ఒక విషయం ఎంచుకున్నాను. గట్టి చలిలో మోటారు సైకిలు నడిపిన మనుషుల కథ ఇది. ఈ రోజుల్లో మన మనుమలు సెలవు దొరికితే చాలు, తెల్లవారుజామున బండ్లేసుకుని మంచు చూడ్డానికి లంబసింగి పోతున్నారు. వాళ్ళ కోసమైనా దీన్ని చెప్పుకోవాలి.

మొదటి బండి

ప్రపంచంలో పెట్రోలు ఇంజనుతో నడిచిన మొదటి రెండు చక్రాల బండిని జర్మనీలో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1885లో తయారు చేశారు. చట్రం, చక్రాలు కర్రవే. ఇంజను 264 సి.సి., శక్తి అర గుర్రం. 1885 నవంబరు 10న డైమ్లర్ కొడుకు దాని మీద కాన్‌స్టాట్ నుంచి ఉంటర్‌టుర్క్‌హైమ్ వరకు వెళ్ళాడు. జర్మనీలో నవంబరంటే చలికాలం ముఖద్వారం. అయితే ఆ ప్రయాణంలో కుర్రవాణ్ణి ఇబ్బంది పెట్టింది చలి కాదు. ఇంజనును మండించే వేడి గొట్టం సరిగ్గా సీటు కింద ఉండటంతో సీటు అంటుకుందని చెబుతారు. వేగం గంటకు 12 కిలోమీటర్లకు మించని బండి మీద గాలి పెద్దగా తగలదు. బండ్లకు వేగం పెరిగిన కొద్దీ చలి కూడా పెరిగింది.

గాలి చేసే లెక్క

నిలబడి ఉన్నప్పుడు మన ఒంటి వేడికి చర్మం చుట్టూ పలుచటి వెచ్చని గాలి పొర ఏర్పడుతుంది. గాలి వీస్తే ఆ పొర ఎగిరిపోతుంది. మోటారు సైకిలు మీద పోయేవాడు తన గాలిని తానే పుట్టించుకుంటాడు. ఈ సంగతిని శాస్త్రీయంగా కొలిచినవారు అమెరికాకు చెందిన పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్. వీరు 1941లో అంటార్కిటికా శీతకాలంలో చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి, ఆరుబయట గాలికి వేలాడదీసి, అవి గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో లెక్క కట్టారు. ఫలితాలను 1945లో ప్రచురించారు. ఆ లెక్కను 2001లో అమెరికా, కెనడా వాతావరణ శాఖలు మనుషుల మీద పరీక్షలు జరిపి సవరించాయి.

సవరించిన లెక్క ప్రకారం 5 డిగ్రీల చలిలో 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ముఖానికి సుమారు మైనస్ 1 డిగ్రీ ఉన్నట్లు తగులుతుంది. సున్నా డిగ్రీల్లో అదే వేగానికి మైనస్ 8. మైనస్ 10లో అయితే దాదాపు మైనస్ 22. బస్సులో కూర్చున్నవాడికీ బండి మీద ఉన్నవాడికీ ఊరు ఒకటే, కాలం ఒకటే, చలి మాత్రం ఒకటి కాదు.

ఈ చలి ముందుగా పట్టుకునేది వేళ్ళను. శరీరం తన వేడిని గుండె, ఊపిరితిత్తుల కోసం దాచుకోవాలని చేతుల్లోని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. వేళ్ళ చర్మం సుమారు 15 డిగ్రీల కన్నా చల్లబడితే పట్టు, స్పర్శ తగ్గిపోతాయి. ముందు చక్రం బ్రేకు, క్లచ్చి ఉన్నది చేతి కిందనే. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మొద్దుబారిన వేలు ఒక్క సెకను ఆలస్యంగా వంగితే 11 మీటర్లు చేయి దాటిపోయినట్లే. ఘాటీ రోడ్డు మలుపులో 11 మీటర్లు చాలా ఎక్కువ.

యుద్ధం నేర్పిన పాఠం

చలిలో మోటారు సైకిలుకు పెద్ద పరీక్ష రెండవ ప్రపంచ యుద్ధంలో జరిగింది. 1941 జూన్ 22న జర్మనీ సేనలు సోవియట్ దేశం మీదికి దండెత్తినప్పుడు వారి వెంట పక్క తొట్టి తగిలించిన మోటారు సైకిళ్ళు వేల సంఖ్యలో వచ్చాయి. శీతకాలం రాకముందే యుద్ధం ముగుస్తుందని వారి అంచనా. ముగియలేదు. ఆ చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 30 దాటి దిగింది. ఇంజన్లలో నూనె గడ్డ కట్టింది, బ్యాటరీలు పడుకున్నాయి. ఇంజను అడుగున మంటలు పెట్టి నూనెను కరిగించి బండ్లు స్టార్టు చేశారు.

ఆ తరువాత బి.ఎం.డబ్ల్యు. ఆర్-75 వంటి సైనిక బండ్లకు ఇంజను పొగ గొట్టంలోని వేడిని గొట్టాల ద్వారా నడిపేవాడి చేతులకూ కాళ్ళకూ అందించే ఏర్పాటు చేశారు. రష్యా వారు కూడా 1941లోనే జర్మనీ నమూనా ఆధారంగా ఎం-72 అనే బండి తయారు చేయడం మొదలుపెట్టారు. ఉరాల్ పేరుతో వచ్చిన బండ్లు దాని సంతానమే. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. నూనె కరగడానికి వెంటనే మంట దొరికింది, మనిషి చేతులకు వెచ్చదనం మాత్రం తరువాత గుర్తుకు వచ్చింది. ఈ క్రమం తరువాత కూడా చాలాచోట్ల కనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక అదే జర్మనీలో చలి ఒక పండుగకు కారణం కావడం విచిత్రం. 1956 శీతకాలంలో ఎర్నెస్ట్ లెవర్కుస్ అనే మోటారు పాత్రికేయుడి పిలుపు మీద కొద్దిమంది బండి యజమానులు స్టుట్‌గార్ట్ దగ్గర సోలిట్యూడ్ పందెపు రోడ్డు వద్ద కలుసుకున్నారు. వారి దగ్గర ఉన్న త్సుండాప్ కె.ఎస్.-601 బండికి పచ్చ ఏనుగు అని ముద్దుపేరు. అందుకే ఆ కలయికకు ఏనుగుల సమావేశం అని పేరు వచ్చింది. 1989 నుంచి దానికి వేదిక బవేరియా అడవులు. మంచులో గుడారాలు వేసుకుని, చలిమంటలు కాచుకుంటారు. ఇష్టపడి వెళ్ళేవాడికి చలి కూడా సరదాయే. ఉద్యోగం కోసం వెళ్ళేవాడి సంగతి వేరు.

మన దేశంలో

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సరిహద్దుల్లో తిరగడానికి మన సైన్యం బుల్లెట్ బండిని ఎంచుకుంది. 1955లో ఇంగ్లండు కంపెనీ, మద్రాసు మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. తిరువొత్తియూరు కర్మాగారంలో బండ్లు తయారయ్యాయి. ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడినా మద్రాసులో తయారీ ఆగలేదు. సైన్యంలో సందేశాలు మోసే డిస్పాచ్ రైడర్లు సిగ్నల్స్ దళానికి చెందినవారు. జనవరి 26న ఢిల్లీ కవాతులో ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి బండ్లు నడిపే డేర్ డెవిల్స్ ఆ దళం వారే. టీవీలో చూసి చప్పట్లు కొట్టేటప్పుడు అది ఢిల్లీ జనవరి చలి అని కూడా ఒకసారి తలచుకోవాలి.

1960లలో మైసూరు జావా, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వచ్చాయి. ప్రభుత్వ శాఖల్లో క్షేత్ర సిబ్బందికి ఎక్కువగా దొరికింది రాజ్‌దూతే. ఇప్పుడు అది తయారు కావడం లేదు. చలి ఉదయాల్లో వీటిని స్టార్టు చేయడం ఒక విద్య. పెట్రోలు చల్లగా ఉంటే సరిగా ఆవిరి కాదు, మండదు. అందుకని కార్బ్యురేటరు మీది చిన్న మీట నొక్కి పెట్రోలు పొంగే వరకు ఆగాలి. బుల్లెట్ అయితే డీకంప్రెషను మీట పట్టుకుని, ఆంప్ మీటరు ముల్లు నడిమికి వచ్చేలా కిక్కు సర్ది, అప్పుడు తన్నాలి. లేకపోతే అది మనల్నే తన్నేది.

మన ఏజెన్సీలో

నేను కొన్నేళ్ళు విశాఖ ఏజెన్సీలో పనిచేశాను. ఆ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. నర్సీపట్నం దాటి డౌనూరు దగ్గర ఘాటీ ఎక్కితే సుమారు 1000 మీటర్ల ఎత్తున లంబసింగి వస్తుంది. దానికి కొర్రబయలు అని మరో పేరు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యబారిపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడ 5 డిగ్రీల కన్నా దిగడం వింత కాదు. వలిసె పూలు పసుపు పరచినట్లు పూసి ఉంటాయి. వాటి మీద మంచు ఎంత దట్టంగా కమ్ముతుందంటే బండి దీపం పది గజాలు కూడా చూపించదు.

1985లో దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలై, దశలవారీగా 1990 నాటికి అన్ని జిల్లాలకూ చేరింది. ఆ రోజుల్లో మా కార్యాలయంలో ఒక సూపర్‌వైజరు గారు ఉండేవారు. నాకన్నా పదేళ్ళు పెద్ద. సంత రోజున జనం చెదరకముందే గూడేనికి చేరాలని చీకటితోనే రాజ్‌దూత్ మీద బయలుదేరేవారు. భుజాన టీకాల పెట్టె, అందులో నాలుగు పక్కలా నాలుగు ఐసు పలకలు. చొక్కా లోపల పాత వార్తాపత్రికలు మడిచి పెట్టుకునేవారు, గాలి చొరబడకుండా. తలకు మంకీ క్యాపు, మెడకు తువ్వాలు. చేతులకు మాత్రం ఏమీ లేదు.

టీకా మందుకు 2 డిగ్రీల నుంచి 8 డిగ్రీల వరకు ఉండాలని నియమం. వేడెక్కినా చెడుతుంది, కొన్ని మందులు గడ్డకట్టినా చెడతాయి. ఈ నియమాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించారు. ఒకనాడు ఆయన నవ్వుతూ అన్నారు: "బాబూ, మందు చెడిపోకూడదని ఐసు పెట్టారు. నేను చెడిపోకూడదని ఎవరూ ఏమీ పెట్టలేదు." ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పారు, అంతే.

ఒక చలికాలంలో ఆయన వేళ్ళు పట్టు తప్పి, మలుపులో బండి పక్కకు ఒరిగింది. మోకాలు చీరుకుంది, పెట్టెకు ఏమీ కాలేదు. ఆ తరువాత మా అధికారి గారు రెండు జతల తోలు చేతితొడుగులు కొనడానికి అనుమతించారు. ధర 38 రూపాయలు. కంటింజెన్సీ బిల్లు నేనే తయారు చేశాను. ఆడిట్ అభ్యంతరం వచ్చింది. చేతితొడుగులు వాహనంలో భాగం కావు, యూనిఫారం జాబితాలోనూ లేవు, కనుక ఆ ఖర్చు చెల్లదన్నారు. బ్రేకు వేసేది చేయి కనుక, చేతికి పెట్టిన ఖర్చు బ్రేకుకు పెట్టిన ఖర్చు వంటిదేనని జవాబు రాశాను. రెండుసార్లు ఫైలు వెళ్ళి వచ్చింది. చివరకు ఆ 38 రూపాయలు ఆయన జీతంలోంచి రాబట్టారు. అదే ఏడాది బండి టైర్ల బిల్లు మాత్రం ఒక్క ప్రశ్న లేకుండా పాసయింది.

ఆడిట్ వారిని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. వారు ఉన్న నియమాన్ని చూశారు. నియమం రాసినవారు బండిని చూశారు, మందును చూశారు, నడిపే మనిషిని చూడలేదు. రష్యా మంచులో జరిగిందీ మన ఘాటీలో జరిగిందీ ఒకే వరుస. ఆ సూపర్‌వైజరు గారి వంటి వారు ఎన్ని గూడేలకు ఎన్ని చలి ఉదయాల్లో వెళ్ళారో ఏ రిజిస్టరులోనూ లేదు. టి.ఎ. బిల్లులో కిలోమీటర్లు ఉంటాయి, డిగ్రీలు ఉండవు. కాని ఆ గూడేలలో టీకాలు వేయించుకున్న పిల్లలు ఇప్పుడు నలభై దగ్గరపడినవారు. వారి పిల్లలే నేడు లంబసింగికి వచ్చే యాత్రికులకు వేడి టీ, బొంగు కోడి అమ్ముతున్నారు.

మనుమలకు నాలుగు మాటలు

ఇప్పుడు మంచి తోలు తొడుగులు, గాలి చొరబడని కోట్లు బజారులో దొరుకుతున్నాయి. వేడెక్కే హ్యాండిల్ పట్టీలు కూడా వచ్చాయి. కాబట్టి కుర్రవాళ్ళకు చెప్పండి. ఒక్క ఉన్ని తొడుగు చాలదు, దానిలోంచి గాలి దూరుతుంది, పైన తోలుది ఉండాలి. ఒక మందపాటి దాని కన్నా రెండు మూడు పలుచని బట్టలు వెచ్చన, ఎందుకంటే పొరల మధ్య గాలి నిలుస్తుంది. వేళ్ళకు తెలివి తప్పుతున్నట్లనిపిస్తే బండి ఆపి చంకల్లో పెట్టుకుని వెచ్చబరచుకోవాలి. వణుకు మొదలైతే ముందుకు పోవద్దు. చలికి విరుగుడని మద్యం ముట్టవద్దు. అది చర్మానికి వేడి తెచ్చినట్లనిపించి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది, మెదడును మందగింపజేస్తుంది. మంచు తెరిపి ఇచ్చేదాకా ఆగి ఘాటీ దిగితే పోయేదేమీ లేదు.

ఇక మన వయసు వారికి ఒక్క మాట. చలి గాలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవారు తెల్లవారుజామున బండి వెనుక కూర్చుని కూడా దూరం పోకపోవడం మంచిది.

చివరగా ఒక విన్నపం. మన సంఘంలో ఏజెన్సీలోనూ, ఆదిలాబాదు అడవుల్లోనూ చలికాలాల్లో ప్రభుత్వ బండి నడిపినవారు, తపాలా మోసినవారు, టీకాలు మోసినవారు ఇంకా కొందరున్నారు. వారి వేళ్ళ నొప్పులకు ఏ పింఛను పుస్తకంలోనూ పద్దు లేదు. కనీసం వారి మాటలు వచ్చే సంచికలలోనైనా అచ్చు కావాలి. రాయలేని వారు చెబితే రాసి పెట్టడానికి నేను సిద్ధం. గుమాస్తా ఉద్యోగం చేసినవాడికి చేయి ఇంకా ఆడుతున్నప్పుడు అంతకన్నా పని ఏముంది?