జునైద్ జంషేద్: జీన్స్ నుంచి కుర్తా దాకా

జునైద్ జంషేద్ (3 సెప్టెంబరు 1964 – 7 డిసెంబరు 2016) పాకిస్తాన్ గాయకుడు, మత బోధకుడు, ‘జె.’ దుస్తుల సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఇరవై రెండేళ్ల వయసులో జీన్స్, జాకెట్‌తో టీవీ తెర మీదికి వచ్చిన ఈయన, నలభయ్యో ఏడు వచ్చేసరికి నిండు గడ్డం, నెత్తిన టోపీ, ఒంటిమీద పొడవాటి కుర్తాతో కనిపించారు. ఆ మార్పు ఆయన సొంత జీవితంతో ఆగలేదు. దర్జీకి కొలతలిచ్చి కుట్టించుకునే కుర్తాను, నగర యువకులు నేరుగా దుకాణానికి వెళ్లి కొనుక్కునే దుస్తుగా మార్చినవాళ్లలో ఆయనది ముందువరస. ఆయన చదివింది ఇంజనీరింగ్. కత్తెర పట్టి బట్ట కోసిన దర్జీ కాదు, గీతలు గీసిన చిత్రకారుడూ కాదు. అయినా పాకిస్తాన్ పత్రికలు ఆయన్ను ఫ్యాషన్ డిజైనర్ అనే రాశాయి. అది సబబే. ఏ బట్ట ఎలా ఉండాలో ఆయనకు స్పష్టమైన అభిరుచి ఉంది. దాన్ని అందరికంటే ముందు తానే తొడుక్కుని చూపించారు.

నేపథ్యం

పాకిస్తాన్‌లో సల్వార్ కమీజ్ చరిత్రను రాజకీయాల నుంచి విడదీసి చెప్పలేం. దేశం ఏర్పడిన తొలి దశాబ్దాల్లో ఆఫీసర్లు, వకీళ్లు, కాలేజీ కుర్రాళ్లు సూటూ బూటూ వేసుకునేవారు. సల్వార్ కమీజ్ పల్లెటూరి దుస్తుగానో ఇంట్లో వేసుకునే బట్టగానో ఉండేది. 1970 దశకంలో జుల్ఫికర్ అలీ భుట్టో దాన్ని బహిరంగ సభల్లో వేసుకుని ‘అవామీ సూట్’గా, అంటే జనం దుస్తుగా నిలబెట్టారు. దాదాపు ఆ రోజుల్లోనే తన్వీర్ జంషేద్ అనే డిజైనర్ ‘టీజేస్’ పేరుతో సల్వార్ కమీజ్‌కు ఫ్యాషన్ హోదా తెచ్చారు. టీవీ నాటకాల్లో నటీనటులు ఆయన దుస్తుల్లో కనిపించేవారు. పేరు కలిసినా ఈయన వేరే వ్యక్తి.

తర్వాత వచ్చిన జనరల్ జియా ఉల్ హక్ పాలనలో ఇదే దుస్తు ప్రభుత్వ ఆదేశంగా మారింది. అధికారులు జాతీయ దుస్తుల్లో రావాలన్నారు. టీవీలో వార్తలు చదివే స్త్రీలు తల మీద దుపట్టా కప్పుకోవాలన్నారు. సర్కారు ఒంటిమీదికి ఎక్కించిన బట్ట మీద కుర్రకారుకు మోజు పుడుతుందా? 1980ల నగర యువకుడికి స్వేచ్ఛ అంటే జీన్స్ ప్యాంటే.

పాట వేసుకున్న దుస్తులు

జునైద్ కరాచీలో పుట్టారు. తండ్రి వైమానిక దళంలో అధికారి. కొడుకూ యుద్ధ విమానాలు నడపాలనుకున్నాడు గానీ కంటిచూపు సహకరించలేదు. లాహోర్‌లోని ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, రొహైల్ హయాత్, షెహజాద్ హసన్, నుస్రత్ హుస్సేన్‌లతో ‘వైటల్ సైన్స్’ బృందంలో చేరారు. దర్శకుడు షోయబ్ మన్సూర్ తీసిన ‘దిల్ దిల్ పాకిస్తాన్’ 1987 స్వాతంత్ర్య దినోత్సవ సమయంలో ప్రభుత్వ టీవీలో వచ్చింది. పచ్చటి కొండల మధ్య జీన్స్ వేసుకున్న నలుగురు కుర్రాళ్లు నవ్వుతూ దేశాన్ని ప్రేమిస్తున్నామని పాడారు. దేశభక్తికి అప్పటిదాకా సైనిక దుస్తో షేర్వానీనో ఉండేది. దాన్ని మామూలు కాలేజీ బట్టల్లో చూపడం జియా కాలంలో చిన్న విషయం కాదు. 2002లో బీబీసీ వరల్డ్ సర్వీస్ నిర్వహించిన శ్రోతల ఓటింగులో ప్రపంచవ్యాప్తంగా జనాదరణ పొందిన పాటల్లో అది మూడో స్థానంలో నిలిచింది.

1989 నుంచి 1995 వరకు ఆ బృందం నాలుగు ఆల్బమ్‌లు విడుదల చేసింది. కచేరీలకు పెప్సీ అండ దొరికింది. జునైద్ దువ్వుకున్న జుట్టు, ఆయన వేసుకున్న చొక్కా కుర్రాళ్లకు కొలమానమయ్యాయి. జనం తన పాటతో పాటు తన బట్టలనూ అనుకరిస్తారని ఆయనకు తెలిసింది ఇక్కడే. వ్యాపారంలో ఆయన పెట్టుబడి కూడా అదే అనిపిస్తుంది.

మలుపు

1990ల చివర ఇస్లాం మత ప్రచార సంస్థ తబ్లీగీ జమాత్‌తో పరిచయం ఆయన్ను మార్చింది. ఆ మార్పు ఒక్కరోజులో జరగలేదు. గడ్డం పెంచడం, తీసేయడం, మళ్లీ పెంచడం, పాటలు మానేస్తానని ప్రకటించి తిరిగి వేదిక ఎక్కడం, ఇలా కొన్నేళ్లు ఊగిసలాడారు. 1999లో ‘ఉస్ రాహ్ పర్’ ఆల్బమ్ పెద్ద విజయం సాధించింది. సంగీతం మానేస్తే ఇల్లు గడవడమెలా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. 2002లో స్నేహితుడు సొహైల్ హమీద్ ఖాన్‌తో కలిసి కరాచీలో మొదలుపెట్టిన ‘జె.’ ఆ ప్రశ్నకు జవాబైంది. 2004 నాటికి ఆయన పాప్ సంగీతానికి పూర్తిగా స్వస్తి చెప్పారు. 2005లో వచ్చిన ‘జల్వా ఎ జానా’ నాత్‌ల ఆల్బమ్. నాత్ అంటే ప్రవక్తను స్తుతిస్తూ, సాధారణంగా వాద్యాలు లేకుండా పాడే గీతం.

తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. దుకాణం తెరిచింది గాయకుడు. అది నిలదొక్కుకునేసరికి ఆయన బోధకుడయ్యారు. అందుకే ఆ కుర్తాలో రెండు కాలాలూ ఉన్నాయి. కోతలో వేదిక మీది కుర్రాడి సోకు ఉంది, పొడవులో మసీదు మర్యాద ఉంది.

కుర్తాలో ఏం మారింది

పాకిస్తాన్ మగవారి సాధారణ కమీజ్‌కు చొక్కా కాలరు, చేతులకు గుండీలున్న కఫ్‌లు, ఛాతీ మీద జేబు, గుండ్రంగా కోసిన కింది అంచు ఉంటాయి. కుర్తాకు మెడ చుట్టూ నిలబడే సన్నటి పట్టీ కాలరు, తెరిచి ఉన్న చేతులు, తిన్నగా కోసిన అంచు, రెండు పక్కలా చీలికలు. పాత పద్ధతి కుర్తాలో పక్కల్లో కలీలనే త్రిభుజాకారపు ముక్కలు, చంకల కింద చిన్న చదరపు ముక్క అతుకుతారు. అందువల్ల ఎంత వదులుగా ఉన్నా చెయ్యెత్తితే పట్టేయదు. ఆ వదులు కాస్త ఎక్కువైతే మాత్రం యువకులకు అది తాతగారి బట్టే.

‘జె.’ కుర్తా భుజాల దగ్గర, ఛాతీ దగ్గర ఒంటికి అమరింది. పట్టీ కాలరు గట్టిగా నిలబడింది. కుట్టుపని ఒళ్లంతా పరచకుండా కాలరు మీద, గుండీల పట్టీ మీద మాత్రమే ఉంచారు. అదీ తరచుగా బట్ట రంగులోనే ఉన్న దారంతో. దగ్గరికొస్తే గానీ కనిపించని ఆ పనే ‘జె.’ కుర్తాకు గుర్తుగా నిలిచిందని చెప్పాలి. తెలుపు దాటి బూడిద, నీలం, ముదురు ఆకుపచ్చ వంటి రంగులు మగవాళ్ల రోజువారీ దుస్తుల్లోకి వచ్చాయి. శుక్రవారం నమాజుకు సల్వార్ మీద వేసుకున్న కుర్తానే సాయంత్రం జీన్స్ మీదా వేసుకోవచ్చు.

ఇందులో ఆయన ఒంటరి కాదు. 1990ల్లో అమీర్ అద్నాన్ పెళ్లి షేర్వానీకి కొత్త ప్రాణం పోశారు. సింధ్‌లోని హిందూ కుటుంబం నుంచి వచ్చిన దీపక్ పర్వానీ మగవారి దుస్తుల్లో పేరు తెచ్చుకున్నారు. 1998లో షమూన్ సుల్తాన్ మగ్గం నేతను నమ్ముకుని కరాచీలో ‘ఖాదీ’ సంస్థ పెట్టారు. వీరి పక్కన జునైద్ ప్రత్యేకత మామూలు రోజును పట్టుకోవడంలో ఉంది. పెళ్లి జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? శుక్రవారం వారం వారం వస్తుంది.

పండగ సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తికాదు. పాకిస్తాన్‌లో ఈద్ బట్టలంటే గుడ్డ కొని దర్జీకి ఇవ్వడమే ఆనవాయితీ. రంజాన్ సగం గడిచేసరికి పేరున్న దర్జీలు కొత్త పని తీసుకోరు. ఆలస్యమైన వాడికి మిగిలేది పాత బట్టే. కొలతల వారీగా కుట్టి అమ్మే దుకాణాలు ఆ దిగులు తీర్చాయి. నెలవంక కనిపించిన రాత్రి కూడా వెళ్లి కుర్తా తెచ్చుకోవచ్చు. దర్జీలు కనుమరుగు కాలేదు, ‘జె.’ సంస్థే కుట్టని బట్టనూ అమ్ముతుంది. కానీ దర్జీ చేతిలో ఉన్న పండగ గడువు కొనేవాడి చేతికొచ్చింది.

విస్తరణ, విమర్శ

మగవారి కుర్తాతో మొదలైన సంస్థ ఆడవారి దుస్తులు, పిల్లల బట్టలు, అత్తర్ల దాకా విస్తరించింది. ‘జానాన్’ పేరుతో వచ్చిన పరిమళం బాగా అమ్ముడైంది. గల్ఫ్‌లో, బ్రిటన్‌లో శాఖలు వెలిశాయి.

జునైద్ మాటలు మాత్రం చాలాసార్లు వివాదమయ్యాయి. స్త్రీల ప్రవర్తన గురించి చేసిన వ్యాఖ్యలను స్త్రీవాదులు గట్టిగా ఖండించారు. 2014లో ఒక ప్రసంగంలోని మాటలపై దైవదూషణ ఆరోపణ రాగా బహిరంగంగా క్షమాపణ కోరారు. ఆడవారికి దుస్తులు అమ్మే మనిషి ఆడవారి బతుకులకు గీతలు గీయడం సరికాదన్న విమర్శలో న్యాయం ఉంది. బట్టలోని అభిరుచిని మెచ్చుకోవడానికి ఈ సంగతి దాచనవసరం లేదు.

భారతదేశంలో

పాకిస్తానీ దుస్తులపై మోజు మన వైపూ ఉంది. 2014లో మొదలైన ‘జిందగీ’ టీవీ చానల్ అక్కడి ధారావాహికలను చూపించాక ‘పాకిస్తానీ సూట్’ అన్న మాట దుకాణాల్లో రకం పేరుగా స్థిరపడింది. హైదరాబాద్ పాతబస్తీ బజార్లలోనూ వినిపిస్తుంది. అయితే ఆ పేరుతో అమ్ముడయ్యేవన్నీ అక్కడివి కావు, ఆ తరహాలో ఇక్కడే తయారైనవి చాలా ఉన్నాయి. 2019 ఫిబ్రవరిలో భారత్ పాకిస్తానీ సరుకులపై 200 శాతం దిగుమతి సుంకం వేసింది. 2025 మేలో దిగుమతులను పూర్తిగా నిషేధించింది.

మరణం

2016 డిసెంబరు 7న చిత్రాల్ నుంచి ఇస్లామాబాద్ వస్తున్న పీఐఏ విమానం పీకే-661 హవేలియాన్ సమీపంలో కూలిపోయింది. మత ప్రచార యాత్ర ముగించుకుని తిరిగివస్తున్న జునైద్, ఆయన భార్యతో సహా అందులోని 47 మందీ మరణించారు. 2007లో తమ్గా ఎ ఇంతియాజ్ పురస్కారం ఇచ్చిన పాకిస్తాన్ ప్రభుత్వం, 2018లో మరణానంతరం సితారా ఎ ఇంతియాజ్ పురస్కారం ప్రకటించింది. ‘జె.’ దుకాణాలు ఆయన తర్వాతా నడుస్తున్నాయి. పట్టీ కాలరు కుర్తా ఇప్పటికీ వాటి ముఖ్యమైన సరుకుల్లో ఒకటి.