గుండెపై బ్యాడ్జి, సర్కారు చేతిలో గ్రాంటు

కొవ్వూరు గోష్పాద రేవులో నిలబడితే గోదావరి ఆవలి గట్టున రాజమండ్రి కనిపిస్తుంది. రైళ్లు తిరగడం మానేసిన పాత హేవలాక్ వంతెన ఇంకా అలాగే ఉంది. 1900లో అది పూర్తయ్యాక మద్రాసు, కలకత్తాల మధ్య గోదావరి దగ్గర తెగిపోయిన రైలుదారి అతుక్కుంది. బెంగాల్లో రేగిన స్వదేశీ గాలి ఈ గట్లకు చేరడానికి ఆ తర్వాత ఎంతోకాలం పట్టలేదు.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చాడు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో చెప్పారు. భరతఖండాన్ని పాడియావుతో పోల్చిన చిలకమర్తి పద్యం అప్పటి నుంచే జనం నోళ్లలో నానింది. ఆ రోజుల్లోనే అక్కడి సర్కారు కాలేజీ తరగతుల్లో కుర్రాళ్ల చొక్కాల మీద ఒక కొత్త వస్తువు కనిపించింది. వందేమాతరం అని రాసిన చిన్న బ్యాడ్జి. అది పెట్టుకుంటే పాఠానికి ఏ అడ్డూ రాదు. అయినా ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దొర దాన్ని సహించలేదు. తీసెయ్యమన్నాడు, వాళ్లు తియ్యలేదు. పెద్ద సంఖ్యలో విద్యార్థులు సస్పెండయ్యారు. ట్రైనింగ్ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును ఏకంగా బయటికి పంపేశారు. సర్కారు కొలువు తలుపు కూడా ఆయనకు మూసేశారు.

అది నేరుగా సర్కారు నడిపే కాలేజీ కాబట్టి శిక్ష విద్యార్థి మీదే పడింది. సాయం మాత్రమే అందుకునే బళ్ల సంగతి వేరు. 1854 నాటి వుడ్ తాఖీదుతో ప్రైవేటు బళ్లకు గ్రాంట్లు మొదలయ్యాయి. డబ్బు సర్కారుది, కాబట్టి తనిఖీ కూడా సర్కారుదే. 1904 విశ్వవిద్యాలయాల చట్టం కాలేజీల గుర్తింపులోనూ ప్రభుత్వానిదే ఆఖరి మాట చేసింది. ఇక పగ్గం లాగడమే తరువాయి. 1905 అక్టోబరులో బెంగాల్లో కార్లైల్ సర్క్యులర్ దాన్ని లాగింది: కుర్రాళ్లు రాజకీయాల్లో దిగితే ఆ బడికి గ్రాంటు ఆగిపోతుంది. అవసరమైతే పంతుళ్లనే స్పెషల్ కానిస్టేబుళ్లుగా నియమిస్తామని కూడా అందులో ఉంది. 1907 మేలో రిస్లే సర్క్యులర్ అదే బెదిరింపును దేశమంతటికీ చాటింది.

ఇందులోని కిటుకు చూడండి. నోరు విప్పేది ఒక్క కుర్రాడు, జీతాలు ఆగేది బడి మొత్తానికి. అప్పుడు పోలీసు రానక్కర్లేదు. హెడ్మాస్టరే గుమ్మం దగ్గర నిలబడి చొక్కాలు చూస్తాడు.

సర్కారు సొమ్మే వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. చందాలతో నడిపారు, మాటకు సంకెళ్లు లేవు. అయితే ఆ చదువుకు సర్కారు గుర్తింపు లేకపోతే ఉద్యోగమెక్కడ? స్వేచ్ఛకూ ఒక ధర ఉంది, దాన్ని చెల్లించింది పిల్లవాడి కుటుంబం.

మధ్యేమార్గం ఉండదా అంటే, దానికీ ధర ఉందని ఒక పెద్దమనిషి తన కుర్చీ వదులుకుని చూపించాడు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. 1930లో సర్కారు దమనకాండకు నిరసనగా ఆయన రాజీనామా చేశారు. దొరల పాలన లేని హైదరాబాదులోనూ అంతే. 1938లో హాస్టల్లో వందేమాతరం పాడారని నిజాం సర్కారు ఉస్మానియా విద్యార్థులను బయటికి నెడితే నాగపూరు విశ్వవిద్యాలయం చేరదీసింది. దొరలైనా నవాబులైనా లెక్క ఒకటే: తిండి పెట్టిన చేతికి నోరు కూడా ఇచ్చెయ్యాలి. కానీ ఆ చేతిలోని డబ్బు ఎవరిది? కొవ్వూరు రైతు కాలవ నీటికి కట్టిన శిస్తూ అందులోదే. అన్నం పెట్టింది అతనే అయితే, కొడుకు మాట్లాడకూడదనే హక్కు హంటర్ దొరకు ఎక్కడిది? మన ప్రభుత్వమే గ్రాంటు ఇచ్చే ఈ రోజుల్లోనూ ఆ ప్రశ్న పాతబడలేదు.

గాడిచర్ల తర్వాత బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపారు, అందులోని రాతకు జైలుకెళ్లారు. బయటికొచ్చాక గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కయ్యారు. ఒక బ్యాడ్జి కోసం తరగతి గదికి దూరమైన మనిషి, హాజరుపట్టీ లేని చదువుకు ఊరూరా తలుపులు తీయించాడు.