క్షమాపణ చుట్టూ తొమ్మిది ఇంగ్లీషు మాటలు



నేడు మన సంఘాల్లో అనేకులు, ముఖ్యంగా యౌవనస్థులు, తెలుగు బైబిలుతో పాటు ఇంగ్లీషు బైబిలు కూడా చదువుతున్నారు. ప్రసంగాల్లో, ప్రార్థనల్లో ఇంగ్లీషు మాటలు ధారాళంగా వస్తున్నాయి. అందులో తప్పేమీ లేదు. అయితే దగ్గరి అర్థం గల రెండు మాటలను ఒకటే అనుకొన్నప్పుడు ఉపదేశం పక్కదారి పడుతుంది. కొన్నిసార్లు దాని వలన మనుష్యులే గాయపడతారు. తప్పు చేయడం, క్షమించడం అనే విషయం చుట్టూ ఇంగ్లీషులో ఉన్న తొమ్మిది మాటలను ఈ వారం పరిశీలిద్దాము.

తప్పు చేసినవారి వైపు మాటలు

సారీ: పాత ఇంగ్లీషులో నొప్పి, పుండు అనే అర్థమిచ్చే మాట నుండి ఇది పుట్టింది. పుండును నేటికీ ఇంగ్లీషులో సోర్ అంటారు. కాబట్టి "నాకు బాధగా ఉంది" అన్నదే దీని మూలార్థం. చావు జరిగిన ఇంటికి వెళ్లి సారీ అన్నప్పుడు మనం నేరం ఒప్పుకోవడం లేదు, వారి దుఃఖంలో పాలు పంచుకొంటున్నాము. అందుచేత సారీ అన్నంత మాత్రాన ఒకడు తన తప్పు ఒప్పుకొన్నాడని చెప్పలేము.

రిగ్రెట్: జరిగినదాని గూర్చిన విచారం. ఇందులో దోషం ఉండనవసరం లేదు. "ఆ పొలం అమ్మకుండా ఉంటే బాగుండేది" అనుకోవడం రిగ్రెట్. రైలు ఆలస్యమైనప్పుడు స్టేషనులో విచారం తెలిపే ఇంగ్లీషు ప్రకటనలో వినబడేదీ ఈ మాటే. తప్పు ఎవరిదో ఆ ప్రకటన చెప్పదు.

రిమోర్స్: లాటిన్‌లో "మరల కొరుకుట" అనే అర్థం గల మాట నుండి వచ్చింది. మనస్సాక్షి లోపల కొరుకుతూ ఉంటుంది. ఇక్కడ మనిషి, చేసినది దోషమే, చేసినవాడను నేనే అని ఎరుగును. కానీ ఈ బాధ ఎంత లోతైనదైనా దాని చూపు వెనుకకే.

రిపెంటెన్స్: మెటనోయా అనే గ్రీకు మాటకు ఇంగ్లీషు బైబిళ్లలో వాడినది ఇది. మనస్సు మారుట, ఆ మార్పును బట్టి దారి మళ్లుట దీని అర్థం. దీని చూపు ముందుకు.

ఇక్కడ తెలుగు బైబిలు మనకు గొప్ప మేలు చేసింది. బాప్తిస్మమిచ్చు యోహాను ప్రకటించినది మెటనోయా. మత్తయి 27:3లో ఇస్కరియోతు యూదాను గూర్చి వాడబడినది మెటమెలొమాయ్ అనే వేరొక గ్రీకు క్రియ. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ అనువాదం రెండు చోట్లా రిపెంట్ అనే మాటనే వాడింది. ఆ బైబిలు చదివేవారికి, యూదా రిపెంటెన్స్ పొందితే నశించడమేమిటనే ప్రశ్న సహజంగానే వస్తుంది. మన తెలుగు బైబిలులోనైతే యోహాను ప్రసంగంలో మారుమనస్సు అనీ, యూదా విషయంలో పశ్చాత్తాపము అనీ రెండు వేర్వేరు మాటలున్నాయి. తరువాతి ఇంగ్లీషు అనువాదాలు కొన్ని యూదా విషయంలో రిమోర్స్ అనే మాట పెట్టాయి.

అయితే ఒక హెచ్చరిక. ద్రాక్షతోటకు పోనని చెప్పి, తరువాత వెళ్లిన కుమారుని ఉపమానంలోనూ (మత్తయి 21:29) ఆ రెండవ గ్రీకు క్రియే ఉంది. కాబట్టి మాట ఒక్కటే తీర్పు చెప్పదు, బాధ కలిగిన తరువాత మనిషి ఎటు నడిచాడో చూడాలి. ఆ కుమారుడు తోటకు నడిచాడు. యూదా నాణెములు తిరిగి ఇచ్చాడు గాని ప్రభువు యొద్దకు తిరిగి రాలేదు. పేతురు సంతాపపడి ఏడ్చాడు, తిరిగి వచ్చాడు. దేవుని చిత్తానుసారమైన దుఃఖానికీ లోకసంబంధమైన దుఃఖానికీ పౌలు 2 కొరింథీ 7:10లో చూపిన తేడా ఇదే.

అపాలజీ: గ్రీకులో ఇది న్యాయస్థానంలో చెప్పుకొనే ప్రతివాదం. మన నిరీక్షణను గూర్చి అడిగినవారికి జవాబు చెప్పుటకు సిద్ధముగా ఉండుమని పేతురు వ్రాసిన చోట (1 పేతురు 3:15) ఉన్న మాట అదే. వేదాంత కళాశాలల్లో బోధించే అపాలజెటిక్స్ కూడా దాని నుండి వచ్చినదే. తప్పు ఒప్పుకోవడం అనే అర్థం తరువాత ఇంగ్లీషులో స్థిరపడింది. కానీ పాత అర్థం ఇంకా తొంగి చూస్తూనే ఉంటుంది. "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" అనేది ఒప్పుకోలు ముసుగు వేసుకొన్న ప్రతివాదమే. లూకా 15లోని చిన్న కుమారుని ఒప్పుకోలులో అలాంటి షరతు లేదు.

నష్టపోయినవారి వైపు మాటలు

ఎక్స్‌క్యూజ్: లాటిన్‌లో నేరారోపణ నుండి విడిపించుట. బస్సు చెడిపోయి ఆరాధనకు ఆలస్యంగా వచ్చినవానిని మనం క్షమించవలసిన పని లేదు, అతని ఇబ్బంది అర్థం చేసికొంటే చాలు.

పార్డన్: అధికారం గలవారు శిక్షను తీసివేయుట. భారత రాజ్యాంగం 72వ అధికరణం రాష్ట్రపతికి, 161వ అధికరణం గవర్నరుకు ఈ అధికారం ఇస్తున్నాయి. తెలుగులో క్షమాభిక్ష అంటాము. శిక్షాకాలాన్ని తగ్గించడం మాత్రమే అయితే అది రెమిషన్.

ఫర్‌గివ్: ఇవ్వడం అనే అర్థమున్న గివ్ ఈ మాట లోపలే ఉంది. మత్తయి వ్రాసిన ప్రభువు ప్రార్థనలో పాపం ఋణముగా చెప్పబడింది. బాకీ లేదని చెప్పేది ఎక్స్‌క్యూజ్. బాకీ నిజమే గాని నేను వసూలు చేయను అని చెప్పేది ఫర్‌గివ్. "తాగిన మత్తులో కొట్టాడులే" అన్నప్పుడు మనం క్షమించడం లేదు, దోషాన్ని కప్పిపెడుతున్నాము.

రికన్సైల్: తెగిన సంబంధం తిరిగి కలియుట. సంఘ కోశాధికారులకు ఈ మాట బాగా తెలుసు. మన లెక్కల పుస్తకమూ బ్యాంకు లెక్కా పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడ వచ్చిందో కనిపెట్టి సరిచేయడమే బ్యాంక్ రికన్సిలియేషన్. ఒక పుస్తకం మూసివేసి లెక్క సరిపోయిందంటే ఎవరూ ఒప్పుకోరు. క్షమించడానికి ఒక్క హృదయం చాలు. సమాధానపడడానికి ఇద్దరూ సత్యం ఎదుట నిలవాలి. యోసేపు తన సహోదరులకు మొదటి రోజే తన్ను తాను బయలుపరచుకోలేదు. వారికి ధాన్యమిచ్చాడు, వారి రూకలు తిరిగి వారి గోనెల్లో పెట్టించాడు. కానీ బెన్యామీనుకు బదులు నేను దాసుడనుగా ఉంటానని యూదా ముందుకు వచ్చిన తరువాతే (ఆదికాండము 44) కౌగిలింత జరిగింది.

తేడా ఎందుకు ముఖ్యము?

దెబ్బలు తిన్న సహోదరి పుట్టింటికి వస్తుంది. పెద్దలు కూర్చుంటారు. భర్త సారీ అంటాడు. "అమ్మా, క్షమించమని వాక్యం చెబుతోంది, వెళ్లు" అని ఆమెను పంపుతారు. ఇక్కడ సారీని రిపెంటెన్స్ అనుకొన్నారు, ఫర్‌గివ్‌ను రికన్సైల్ అనుకొన్నారు. ఆ పొరపాటుకు వెల చెల్లించేది ఆమె శరీరం. ఆమె తన హృదయంలో పగ విడిచిపెట్టి కూడా సురక్షితమైన చోట ఉండవచ్చు, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, 2005 నాటి గృహహింస చట్టం క్రింద రక్షణ కోరవచ్చు. ఇవి క్షమాపణకు విరోధము కావు.

పసిబిడ్డ మీద లైంగిక అఘాయిత్యం జరిగినప్పుడు ఇది మరింత తీవ్రమైన విషయం. పార్డన్ చేసే అధికారం కాపరికీ లేదు, సంఘ కమిటీకీ లేదు. అలాంటి నేరం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ఆజ్ఞాపిస్తోంది. "క్షమించేశాము" అని చెప్పి దాచిపెట్టడం చట్టప్రకారం నేరం, ఆ బిడ్డ పట్ల అన్యాయం.

సంఘ పెద్దలారా, ఇకమీదట ఒక తగవు మీ ముందుకు వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేసికొనండి. ఇతడు తన బాధ చెబుతున్నాడా, తన దోషం ఒప్పుకొంటున్నాడా? దారి మళ్లిన గురుతు ఏదైనా కనబడుతోందా? మనం ఈమెను అడుగుతున్నది క్షమించమనా, తిరిగి వెళ్లమనా? రెండవదైతే, ఆమె క్షేమానికి పూచీ ఎవరు?

దేవుడు మన పాపాన్ని ఎక్స్‌క్యూజ్ చేయలేదు. బాకీ ఎంతో లెక్కించి, దానిని తానే భరించి, మనలను ఫర్‌గివ్ చేశాడు. అంత వెలగల మాటను మనం చవకగా వాడకుందుము గాక. ఆమేన్.