ఒకే గదిలో ఐదు తరగతులు: ప్రాథమిక పాఠశాలలో గది, ఉపాధ్యాయుడు, తరగతి

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వీధి బడిలో వేర్వేరు వయసుల పిల్లలు కలిసి ఎలా చదివారో వివరించగలుగుతారు.
• తరగతుల విభజన ఎప్పుడు, ఎందుకు బలపడిందో చెప్పగలుగుతారు.
• భవనం, ఉపాధ్యాయుల నియామకం, బోధనా పద్ధతి అనే మూడింటి మధ్య సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.

1. విషయ పరిచయం

మీ ఊరి ప్రాథమిక పాఠశాలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. జూన్‌లో బడి తెరిచే నాటికి అక్కడ మూడు మార్పులు ఒకేసారి జరగవచ్చు. పాత గదిని పడగొట్టి కొత్తది కడుతుండవచ్చు. వేసవి బదిలీల్లో ఒక టీచరు వెళ్లి మరొకరు రావచ్చు. పిల్లలు తగ్గారని రెండు మూడు తరగతులను కలిపి కూర్చోబెట్టవచ్చు. ఈ మూడు నిర్ణయాలూ మూడు వేర్వేరు ఫైళ్లలో నడుస్తాయి. రెండో తరగతి చదివే పిల్లకు మాత్రం మూడూ ఒకే గదిలో, ఒకే వారంలో ఎదురవుతాయి.

తరగతులను కలిపి నడపడం ఈనాటి దుస్థితి అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే ఆ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవాలి. కలిపి చదివించడం పాతదే. విడివిడి తరగతులే తరువాత వచ్చాయి. కాబట్టి కలపడం మంచిదా, చెడ్డదా అనే దానికంటే, కలిపినప్పుడు అందుకు తగిన గది, ఉపాధ్యాయులు, పద్ధతి ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

2. వీధి బడి

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని దేశీయ విద్యపై వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో పంపిన నివేదిక ఇప్పటికీ విలువైన ఆధారం. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క తేల్చాడు. అంటే బడికి సగటున 12 మంది. వాటిలో 226 తెలుగు బడులు.

ఆ 12 మందీ ఒకే ఈడువారు కారు. ఇసుకలో అక్షరాలు దిద్దేవారు, పద్దులు రాయడం నేర్చేవారు ఒకే అరుగు మీద కూర్చునేవారు. పైస్థాయి పిల్లలను అయ్యవారు స్వయంగా చూసుకునేవాడు. చిన్నవారి బాధ్యత కొంతవరకు పెద్ద పిల్లలది. ఈ పద్ధతిని కాంబెల్ మెచ్చుకున్నాడు. మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమంలో 1789 నుంచి పనిచేసిన ఆండ్రూ బెల్ కూడా పిల్లలచేత పిల్లలకు చదువు చెప్పించే పద్ధతిని అమలు చేసి, 1797లో లండన్‌లో దానిపై పుస్తకం ప్రచురించాడు.

అయితే వీధి బడిని స్వర్ణయుగంగా భావించకండి. పైన చెప్పిన 6,641 మందిలో బాలికలు 60 మందే. అణగారిన కులాల పిల్లలకు ఆ అరుగు దాదాపు అందనే లేదు. అయ్యవారి బతుకుతెరువు పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే జీతం మీద ఆధారపడింది కాబట్టి, ఇవ్వలేనివారు బడి బయటే మిగిలారు.

3. తరగతి ఎలా బలపడింది?

పందొమ్మిదో శతాబ్ది రెండో సగంలో ప్రభుత్వం బడులకు గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఫలితాలను బట్టి గ్రాంటు అనే విధానంలో, ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రతి పిల్లవాడినీ నిర్ణీత స్థాయిలో పరీక్షించేవాడు. ఉత్తీర్ణులైన వారిని బట్టి బడికి డబ్బు వచ్చేది. 1882 నాటి హంటర్ కమిషన్ ప్రాథమిక విద్యకు ఈ విధానాన్ని సిఫారసు చేసింది.

దీని పర్యవసానం గమనించండి. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది ఇప్పుడు రిజిస్టరుతోనూ, గ్రాంటుతోనూ ముడిపడింది. తరగతికొక పాఠ్యపుస్తకం, సంవత్సరానికొక పరీక్ష స్థిరపడ్డాయి. ఉపాధ్యాయుడు మాత్రం చాలా పల్లెల్లో ఒక్కడే మిగిలాడు. చదువు విడివిడి తరగతుల కోసం రూపొందింది. బడి మాత్రం ఒకే గదిలో నడిచింది. ఈ పొంతన లేనితనం మనకు వారసత్వంగా వచ్చింది.

4. రెండు గదులు, ఇద్దరు టీచర్లు

1986 జాతీయ విద్యా విధానం తరువాత 1987-88లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని కాలాల్లో పనికివచ్చే రెండు గదులు, కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైనంతవరకు వారిలో ఒకరు మహిళ, అవసరమైన బోధన సామగ్రి ఉండాలన్నది లక్ష్యం. చెట్టు కింద నడిచే ఏకోపాధ్యాయ పాఠశాలకు ఇది చిన్న మేలు కాదు.

కానీ లెక్క చూడండి. గదులు రెండు, టీచర్లు ఇద్దరు, తరగతులు ఐదు. అంటే బహుళ తరగతి బోధన తప్పదని పథకం అంకెలే చెబుతున్నాయి. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కూడా 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉపాధ్యాయులను నిర్దేశించింది. 40 మంది ఉన్న బడిలో ఒక్కో టీచరు సగటున రెండున్నర తరగతులు చూడాలి. పుస్తకాలు మాత్రం తరగతికొక టీచరు ఉన్నట్లే తయారవుతూ వచ్చాయి.

5. మదనపల్లె దగ్గర ఒక సమాధానం

ఈ పొంతన లేనితనానికి చిత్తూరు ప్రాంతంలోనే ఒక జవాబు దొరికింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక పద్ధతిని తీర్చిదిద్దారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీశారు. వాటిని మెట్ల వరుసలో అమర్చి, గోడ మీద నిచ్చెనలాంటి పటంగా చూపారు. ప్రతి పిల్లా తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని, తన కార్డు తీసుకుని, తగిన గుంపులో కూర్చుంటుంది. కొన్ని గుంపులకు టీచరు సాయం కావాలి. మరికొన్ని తోటి పిల్లల సాయంతో సాగుతాయి. ఈ అనుభవం ఆధారంగా 2003 నుంచి చెన్నై నగరపాలక పాఠశాలలు, తరువాత తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలు కృత్యాధార విద్యను చేపట్టాయి.

ఇందులో రెండు విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది, పిల్ల ఎంతవరకు నేర్చిందన్న సమాచారం టీచరు జ్ఞాపకంలోనే కాక, మెట్ల పటంలో, రికార్డులో కూడా ఉంటుంది. టీచరు బదిలీ అయినా కొత్తగా వచ్చినవారు అక్కడి నుంచే కొనసాగించవచ్చు. రెండవది, దీనికి గది వేరేగా ఉండాలి. గుంపులుగా కూర్చునేందుకు ఖాళీ నేల, పిల్లల చేతికందే ఎత్తులో నల్లబల్లలు, కార్డులు పెట్టే అరలు కావాలి. నల్లబల్ల వైపు వరుసగా బిగించిన బెంచీలతో ఇది సాగదు.

6. కొత్త భవనం వస్తున్న వేళ

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ‘నాడు-నేడు’, తెలంగాణలో 2022 మార్చిలో ‘మన ఊరు-మన బడి’ మొదలయ్యాయి. మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు, మరమ్మతులు, బల్లలు వంటి అవసరాలను ఇవి చేపట్టాయి. మరోవైపు 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117వ నంబరు ఉత్తర్వు ద్వారా ఉపాధ్యాయులను హేతుబద్ధీకరించింది. చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ఆ విధానాన్ని రద్దుచేసి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల వైపు మళ్లారు.

ఇలా చూస్తే గది ఒక పథకంలో, ఉపాధ్యాయుడు మరొక ఉత్తర్వులో కనిపిస్తారు. 3, 4, 5 తరగతులు వెళ్లిపోతే కొత్తగా బాగుచేసిన గది బోసిపోతుంది. అవి తిరిగివస్తే అదే గది ఇరుకవుతుంది. ఏ నిర్ణయం సరైనదన్న దానిపై మీకు భిన్నాభిప్రాయం ఉండవచ్చు. కానీ ‘ఈ గదిలో ఎవరు, ఎవరితో, ఎలా కూర్చుని చదువుతారు?’ అన్న ప్రశ్న పునాది తవ్వకముందే అడగాల్సినది. దాన్ని అడిగే అవకాశం గ్రామస్థులకు చట్టమే ఇచ్చింది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే. కమిటీ సభ్యుల్లో సగం మంది మహిళలు. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ కమిటీ విధుల్లో ఒకటి.

7. సారాంశం

వీధి బడిలో కలిపి చదివించే పద్ధతి ఉంది, అందరికీ ప్రవేశం లేదు. ఆధునిక బడి అందరికీ తలుపు తెరిచింది, కానీ తన అంకెల్లోనే ఉన్న బహుళ తరగతి బోధనకు చాలాకాలం సిద్ధపడలేదు. ఒకే గదిలో చదువు సాగుతుందని రిషివ్యాలీ అనుభవం చూపింది. అక్కడ పద్ధతి, రికార్డు, గది ఒకదానికొకటి అతికాయి. వాటిని విడదీస్తే నష్టపోయేది పేద పిల్లలే. స్తోమత ఉన్నవారు వేరే బడికి వెళ్లిపోతారు. మిగిలిపోయేవారికి ఆ గదే దిక్కు.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫలితాలను బట్టి గ్రాంటు విధానం తరగతుల విభజనను ఎలా బలపరిచింది?
2. ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ లక్ష్యాలు బహుళ తరగతి బోధనను ఎలా అనివార్యం చేశాయి?
3. క్షేత్ర కృత్యం: ప్రధానోపాధ్యాయుల అనుమతితో మీ ఊరి బడిలోని ప్రవేశ రిజిస్టరు, కమిటీ తీర్మానాల పుస్తకం చూడండి. గత పదేళ్లలో పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, గదుల సంఖ్య ఎలా మారాయో పక్కపక్కన పట్టికగా రాయండి. ఏ సంవత్సరంలో ఈ మూడింటికీ పొంతన కుదరలేదో గుర్తించి, ఆ ఏడాది చదివిన ఒకరిద్దరితో మాట్లాడి ఒక పేజీ రాయండి.