కోనసీమ తీరంలో రొయ్యల సాగు: ఒంటి పంట నుంచి కలగలుపు సాగు వరకు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి కాలువలు డెల్టాను వరిసీమగా మార్చాయి. ఈ కాలువల చివరన, సముద్రానికి ఆనుకొని ఉన్న కాట్రేనికోన వంటి ప్రాంతాల చరిత్ర కొంత వేరు. ఇక్కడ మంచినీరు, ఉప్పునీరు కలుస్తాయి. వరి, కొబ్బరి, చేపల వేట, మడ అడవి పక్కపక్కనే ఉంటాయి. ఈ సమతూకాన్ని రొయ్యల చెరువు ఎలా మార్చిందో ఈ భాగంలో తెలుసుకుంటారు.

ఒంటి పంట, దాని ఫలితం

1990ల తొలినాళ్ళలో ఎగుమతి ధరల ఆకర్షణతో ఆంధ్ర తీరమంతటా టైగర్ రొయ్య చెరువులు విస్తరించాయి. 1994 నుంచి తెల్లమచ్చ వ్యాధి వాటిని దెబ్బతీసింది. ఒక చెరువు వదిలిన నీరే పక్క చెరువుకు చేరడం వ్యాధి వ్యాప్తికి ఒక ముఖ్య కారణం. చెరువుల ఉప్పు పొరుగు పొలాలకు, తాగునీటికి చేరుతుందన్న ఆందోళన కూడా బలపడింది. లాభం చెరువు యజమానిది, నష్టం పొరుగువారిది అన్న ప్రశ్న ఇక్కడే పుట్టింది.

తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. తీర నియంత్రణ మండలిలో సంప్రదాయ పద్ధతులకు తప్ప రొయ్యల చెరువులకు అనుమతి లేదన్నది. అయితే 2005లో వచ్చిన తీర ప్రాంత జలసాగు ప్రాధికార సంస్థ చట్టం నమోదు పద్ధతిలో సాగుకు దారి చూపింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభించాక చెరువులు మళ్ళీ పెరిగాయి.

కలగలుపు సాగు సూత్రం

మేతలోని నత్రజనిలో సుమారు నాలుగో వంతే రొయ్య శరీరంలో చేరుతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం నీటిలో, అడుగు మట్టిలో ఉండిపోతుంది. ఈ వ్యర్థాన్ని మరొక జీవికి ఆహారం చేయడమే కలగలుపు సాగు. కరిగిన పోషకాలను నాచు, మొక్కలు పీల్చుకుంటాయి. తేలియాడే రేణువులను ఆల్చిప్పలు వడకడతాయి. అడుగు మడ్డిని కొన్ని చేపలు తింటాయి.

ఈ ఆలోచన మనకు పూర్తిగా కొత్తది కాదు. మంచినీటి చెరువులో బొచ్చె పైనీటిలో, శీలావతి నడినీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ గట్లపై మడ మొక్కలు, వాటి నడుమ నీటిలో చేపలు పెంచే పద్ధతిని ప్రదర్శన క్షేత్రాలలో చూపింది.

అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. ఆల్చిప్పలు వరద కాలపు ఉప్పు మార్పులను తట్టుకోవాలి, వాటికి విత్తనం, మార్కెట్ దొరకాలి. తీర్పు, చట్టం ప్రధానంగా చెరువు ఎక్కడ ఉండాలో, ఎవరి అనుమతితో ఉండాలో నిర్ణయించాయి. చెరువు వదిలే నీరు ఎవరి గడపకు చేరుతుందన్న ప్రశ్నకు రైతు సాగు పద్ధతి కూడా జవాబు చెప్పాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1996 తీర్పుకు, 2005 చట్టానికి గల తేడా ఏమిటి?
2. కలగలుపు సాగులో ఆల్చిప్పల పాత్రను వివరించండి.